పాత సాఫ్ట్‌వేర్ మార్చాలా, వద్దా? మన రికార్డింగ్ గది సంగతి

(సంక్రాంతి సెలవుల్లో జరిగిన స్వర్ణోత్సవ సమ్మేళనం రెండో రోజు సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1986 పదో తరగతి బ్యాచ్. వృత్తిరీత్యా ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. ముప్పై ఏళ్లకు పైగా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో కంట్రోల్ సిస్టమ్స్ చూసుకుంటున్నాను. నాకు పాట రాదు. ఆ విషయం ఇక్కడున్న సంగీతం టీచరుగారికి బాగా తెలుసు. అయితే పాడేవాళ్ల ముందు మైకు పెట్టి రికార్డు చేయడం మీద మాత్రం కాలేజీ రోజుల నుంచి మోజు. అందుకే కాబోలు, మన సంఘం కార్యవర్గం నన్ను పిలిచి ఒక ప్రశ్న చేతిలో పెట్టింది: సంగీతం గదిలో ఉన్న రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను కొత్తదానికి మార్చాలా, ఉన్నదానితోనే కానివ్వాలా? రేపటి సర్వసభ్య సమావేశంలో దీని మీద తీర్మానం ఉంది. డబ్బు మనందరిదీ కాబట్టి, విషయం అందరికీ తెలియాలని ఈ పావుగంట తీసుకుంటున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు ఆ గది గురించి చెబుతాను. 2007లో మన చందాలతో అది ఏర్పడింది. కిటికీలకు దళసరి పరదాలు, నాలుగు మైకులు, ఒకేసారి ఎనిమిది గొంతులు తీసుకోగల ఆడియో కార్డు, విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు, అందులో సోనార్ 6 అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. ఆ రోజుకి అది తాజా సరుకే. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ గదిలో దాదాపు 140 రికార్డింగులు జరిగాయి. ప్రార్థన గీతాలు, పంద్రాగస్టు పాటలు, వార్షికోత్సవ నాటకాలు, ఎనభైల నాటి క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, మన తెలుగు మాస్టారు చదివిన పద్యాలు. మాస్టారు ఈ రోజు మన మధ్య లేరు. ఆయన గొంతు ఆ కంప్యూటర్లో ఉంది. వీటిలో పాతికదాకా ఇంకా పూర్తి కాలేదు. అంటే పాడటం అయింది, గొంతులు సర్ది ఒక పాటగా కూర్చడం కాలేదు.

కార్యవర్గంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. బెంగళూరు, డల్లాస్‌లలో ఉన్న మన కుర్రవాళ్లది ఒక మాట: పద్దెనిమిదేళ్ల కంప్యూటరు ఏమిటి, మొత్తం తీసేసి కొత్తది పెడదాం, ఖర్చు మేం పంచుకుంటాం. ఊళ్లో ఉన్న పెద్దలది ఇంకో మాట: నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడం, కదిపితే ఉన్నదీ పోతుంది. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే నా లెక్కలో ఈ రెండింటికంటే ముందు చేయవలసిన పని ఒకటి మిగిలిపోయింది. అది చేస్తే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది చిన్న విషయం అయిపోతుంది. చేయకపోతే కొన్నా ప్రమాదమే, కొనకపోయినా ప్రమాదమే. ఆ పని ఏమిటో చెప్పేముందు కొన్ని సంగతులు విడమరుస్తాను.

మొదటిది, చాలామంది అడిగే ప్రశ్న. కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే పాట ఇంకా బాగా వినిపిస్తుందా? దాదాపు తేడా ఉండదు. పాట బాగుండటం ముందు గొంతులో ఉంటుంది, తర్వాత గదిలో, ఆ తర్వాత మైకు ఎంత దూరంలో పెట్టారన్నదానిలో. సాఫ్ట్‌వేర్ చేసే పని కూడికలు, హెచ్చవేతలు. మైకు నుంచి వచ్చిన శబ్దాన్ని కార్డు సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను దాస్తుంది, తగ్గిస్తుంది, పెంచుతుంది, కలుపుతుంది. 2007లో రెండూ రెండూ నాలుగే, ఇప్పుడూ నాలుగే. మన గదిలో ఒక్కో కొలతకు 24 బిట్లు వాడాం. సీడీకి వాడేది 16 బిట్లు. అంటే మన పాత కంప్యూటరు పట్టుకున్న శబ్దం సీడీ కంటే సూక్ష్మంగానే ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాను హోరు తగ్గించే సాధనాలు మెరుగయ్యాయి, ఆ మాట నిజం. కానీ నాణ్యత కోసమే మార్చాలంటే ఆ డబ్బుతో ఇంకో రెండు మంచి మైకులు కొనుక్కోవడం నయం.

రెండోది, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'ప్రాజెక్టు' అంటే ఏమిటో తెలియాలి. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఒక పాటను ఎనిమిది ట్రాకుల్లో రికార్డు చేశాం అనుకోండి. పిల్లల కోరస్ మూడు ట్రాకులు, ప్రధాన గాత్రం ఒకటి, హార్మోనియం, తబలా, వేణువు, తంబుర శ్రుతి. శబ్దం వేవ్ ఫైళ్లుగా డిస్కు మీద పడుతుంది. ప్రాజెక్టు ఫైలు వేరు. అది పెళ్లి వంటకు వంటాయన రాసిచ్చే చీటీ లాంటిది. ఏ గొంతు ఎప్పుడు మొదలవాలి, ఎంత ఎత్తులో వినపడాలి, ఎక్కడ కోత పెట్టాం, ఎక్కడ కొంచెం ప్రతిధ్వని కలిపాం, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. చీటీ పోతే సరుకులు ఉంటాయి గానీ వంట ఏమిటో తెలియదు. సరుకులు పోతే చీటీ పెట్టుకుని చేసేదేమీ లేదు. చిక్కేమిటంటే ఆ చీటీ భాష ఆ సాఫ్ట్‌వేర్‌కే తెలుసు. వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు.

వేవ్ ఫైలు అలా కాదు. ఆ పద్ధతిని మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి 1991లో తెచ్చాయి. ఈ రోజుకీ ఫోన్లోనూ తెరుచుకుంటుంది, కంప్యూటర్లోనూ తెరుచుకుంటుంది. ఎవరికీ లైసెన్సు కట్టనక్కర్లేదు. మన పద్ధతిలో ఒక్క ట్రాకు నిమిషానికి 86 లక్షల 40 వేల బైట్లు తీసుకుంటుంది: 48,000 కొలతలు, కొలతకు 3 బైట్లు, 60 సెకన్లు. ఎనిమిది ట్రాకుల ఐదు నిమిషాల పాట సుమారు 346 మెగాబైట్లు. 140 పాటలూ కలిపి సుమారు 48 గిగాబైట్లు. పద్దెనిమిదేళ్ల మన బడి శబ్దమంతా ఈ రోజు చొక్కా జేబులో పట్టే పెన్‌డ్రైవ్‌లో సరిపోతుంది. 2007లో ఇది పెద్ద బరువే. ఇప్పుడు బరువు సమస్య కాదు, సర్దడం సమస్య.

మూడోది, కదపకపోతే ఏమవుతుంది? పెద్దలు అన్నట్టు ఆ కంప్యూటరు నడుస్తూనే ఉంది. దసరా సెలవుల్లో మూత తీసి చూశాను. పవర్ సప్లైలో రెండు కెపాసిటర్లు పైకి ఉబ్బి ఉన్నాయి. విద్యుత్ కేంద్రంలో అలాంటి కార్డు కనిపిస్తే అదే రోజు మార్చేస్తాం. బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసినప్పుడల్లా తేదీ మారిపోతోంది. హార్డ్ డిస్కు 2007 నాటిదే. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది. దాని తర్వాత వచ్చిన విండోస్ 7కు 2020 జనవరిలో ఆపేసింది. మనలో చాలామంది ఇళ్లలో ఉన్న విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14న గడువు అయిపోయింది. ఇంటర్నెట్‌కు కలపకుండా పక్కన పెట్టుకుంటే పాత కంప్యూటరుకు వైరస్ భయం తక్కువే. కానీ దానికి ముసలితనం ఆగదు. ఆడియో కార్డు పాడైతే అలాంటిది కొత్తది దొరకదు. దొరికినా అది కూర్చునే స్లాటు ఇప్పటి మదర్‌బోర్డుల మీద ఉండదు. కాబట్టి "నడుస్తోంది కదా" అన్న మాటకు గడువు ఉంది. ఆ గడువు ఏ రోజో మనకు చెప్పి రాదు.

నాలుగోది, కంపెనీల కథ. సోనార్ చేసిన కేక్‌వాక్ కంపెనీ 1987లో అమెరికాలో మొదలైంది. గ్రెగ్ హెండర్‌షాట్ అనే ఆయన డాస్ మీద నడిచే చిన్న సంగీత ప్రోగ్రాము రాసి అమ్మడం దానికి ఆరంభం. 2001లో సోనార్ వచ్చింది. 2008లో జపాన్ కంపెనీ రోలాండ్ చేతిలోకి, 2013లో గిటార్లు చేసే గిబ్సన్ చేతిలోకి వెళ్లింది. 2017 నవంబరులో గిబ్సన్ ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించింది. డబ్బు పెట్టి కొన్న స్టూడియోలవాళ్లూ, ఇంట్లో సరదాగా వాడుకునేవాళ్లూ ఒకే రాత్రి ఒకే స్థితిలో పడ్డారు. అదృష్టవశాత్తూ 2018 ఫిబ్రవరిలో సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ దాన్ని కొని ఉచితంగా ఇచ్చింది. 2023లో మళ్లీ సోనార్ పేరుతోనే కొత్త ఉత్పత్తిని ప్రకటించింది. ఈ కథ మనకు మంచిగానే ముగిసింది. పాత సోనార్ ప్రాజెక్టులను దాని వారసులు తెరవగలవు.

అందరికీ అలా జరగలేదు. ఒకప్పుడు లాజిక్ అనే సాఫ్ట్‌వేర్ విండోస్ మీద కూడా నడిచేది. 2002లో యాపిల్ దాన్ని చేసిన కంపెనీని కొన్నాక విండోస్ రూపం ఆగిపోయింది. మన ఊళ్లో క్యాసెట్లను కంప్యూటర్లో ఎక్కించిన ప్రతి దుకాణంలోనూ కనిపించిన కూల్ ఎడిట్ గుర్తుందా? 2003లో అడోబీ దాన్ని కొంది, పేరు ఆడిషన్ అయింది. 2019లో యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో 32 బిట్ల ప్రోగ్రాములు ఇక నడవవని తేల్చేసింది. కంపెనీలు చెడ్డవని నేను అనడం లేదు. వాటి లెక్కలు వాటివి. మన బడి వయసు, మన జ్ఞాపకాల వయసు వాటి లెక్కల్లో ఉండవు. అంతే.

ఐదోది, తొందరపడి మారిస్తే ఏమవుతుంది? కుర్రవాళ్లు ఇది జాగ్రత్తగా వినాలి. పాత ప్రాజెక్టును కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే తెరుచుకుంటుంది. ట్రాకులన్నీ కనిపిస్తాయి. ప్లే నొక్కితే పాట వస్తుంది. అందుకే మనం మోసపోతాం. మన ప్రార్థన గీతాన్నే తీసుకోండి. అందులో తంబుర శ్రుతి మైకుతో రికార్డు చేసింది కాదు. కీబోర్డు మీట నొక్కితే తంబురలా మోగే ఒక చిన్న ప్లగిన్ వాడారు. ఆ ట్రాకులో శబ్దం లేదు, ఏ మీట ఎప్పుడు నొక్కాలన్న సూచన మాత్రమే ఉంది. దాన్ని మిడి అంటారు, 1983 నుంచి ఉన్న పద్ధతి. ఆ ప్లగిన్ 32 బిట్లది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ 64 బిట్లది. ఆ ప్లగిన్ చేసినవాళ్లు ఇప్పుడు దాన్ని అమ్మడం లేదు. కొత్త కంప్యూటర్లో పాట తెరుచుకుంటుంది, పిల్లలు పాడతారు, తంబుర మోగదు. తంబుర లేదని వెంటనే పట్టుకోగలిగింది మన సంగీతం టీచరుగారి చెవి. మిగతావాళ్లం "ఏదో వెలితిగా ఉంది" అనుకుని ఊరుకుంటాం. ప్రతిధ్వని కలిపిన ప్లగిన్లది కూడా ఇదే కథ.

ఇంకొకటి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 'సేవ్' నొక్కితే అది కొత్త చీటీ భాషలోకి మారిపోవచ్చు. వెనక్కి పాతదానిలో తెరవలేం. ఆడాసిటీ అని అందరూ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2021లో 3.0 వచ్చినప్పుడు దాని ప్రాజెక్టు పద్ధతి మారింది. పాతవి కొత్తదానిలో తెరుచుకుంటాయి, కొత్తవి పాతదానిలో తెరుచుకోవు. ఇది తప్పేమీ కాదు, ఒకవైపు వెళ్లే దారి. అలాంటి దారిలోకి దిగేముందు సామాను సరిచూసుకోవాలి.

మా విద్యుత్ కేంద్రాల్లో ఈ ప్రశ్న ప్రతి పది పదిహేనేళ్లకూ వస్తుంది. కంట్రోల్ సిస్టమ్ పాతబడుతుంది, విడిభాగాలు దొరకవు, మార్చాలి. ఎలా మారుస్తామో చెబుతాను. టర్బైను తిరుగుతుండగా చెయ్యి పెట్టం. ఓవర్‌హాల్ కోసం యూనిట్ ఆపే రోజులు ముందే ఖరారవుతాయి, ఆ రోజుల్లోనే చేస్తాం. పాత ప్యానెల్ విప్పేముందు ప్రతి వైరు చివరా నంబరు వేసిన ఫెర్రూల్ ఉందో లేదో చూస్తాం. లేకపోతే వెతికి తొడుగుతాం. ఏ వైరు ఏ వాల్వుదో కాగితం మీద రాస్తాం. కొత్త ప్యానెల్‌ను వేరే చోట పెట్టి పరీక్షించాకే తెచ్చి బిగిస్తాం. నంబరు లేని వైరు ఒక్కటి మిగిలినా పాత ప్యానెల్ విప్పనివ్వం. ఈ పద్ధతి యంత్రాల కోసం పుట్టింది గానీ గొంతులకు కూడా సరిపోతుంది.

ఇప్పుడు ముందు చేయవలసిన ఆ పని ఏమిటో చెబుతాను. ఏ సాఫ్ట్‌వేర్ అవసరం లేకుండా వినగలిగేలా మన శబ్దాన్ని బయటికి తీయాలి, ప్రతి గొంతుకూ పేరు రాయాలి. ఆ తర్వాతే కొత్తది కొనాలి. దీనికి నేను ప్రతిపాదిస్తున్న క్రమం ఇది.

ఒకటి. ఈ నెలలోనే పాత కంప్యూటరు పవర్ సప్లై మారుద్దాం. దాని డిస్కు మొత్తాన్ని అచ్చంగా నకలు తీసి ఇంకో డిస్కు మీద పెడదాం. దీనికి అయ్యే ఖర్చు ఈ మధ్యాహ్నం మన భోజనాల ఖర్చులో చిన్న వంతు. ఇది రేపటి తీర్మానం కోసం కూడా ఆగకూడదు.

రెండు. ప్రతి పాటనూ పాత కంప్యూటర్లోనే తెరిచి, ప్రతి ట్రాకునూ వేరే వేవ్ ఫైలుగా బయటికి తీద్దాం. ఒక నియమం తప్పకుండా పాటించాలి: అన్ని ఫైళ్లూ సున్నా సెకను నుంచి మొదలవాలి, ఒకే పొడవు ఉండాలి. అప్పుడు రేపు ఎవరైనా ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అన్నిటినీ ఎడమ అంచుకు ఆనించి పెడితే చాలు, పాట సరిగ్గా కూర్చుంటుంది. ప్రతిదీ రెండుసార్లు తీయాలి, ఎఫెక్టులతో ఒకసారి, లేకుండా ఒకసారి. మిడి ట్రాకులను తప్పనిసరిగా శబ్దంగా మార్చి తీయాలి. తంబుర ఆ రోజుతో భద్రమవుతుంది. చివరగా కలిపిన పాట కూడా ఒక ఫైలు.

మూడు. ప్రతి పాట ఫోల్డరులో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉండాలి. పాట పేరు, రాగం, తాళం, శ్రుతి, రికార్డు చేసిన తేదీ, ఎవరు పాడారు, ఎవరు వాయించారు. కాగితం మీద ఒక ప్రతి బడి బీరువాలో ఉండాలి.

నాలుగు. మొత్తం మూడు ప్రతులు. రెండు వేర్వేరు డిస్కుల మీద బడిలో ఒకటి, సంఘం ఆఫీసులో ఒకటి. మూడోది ఊరి బయట ఎక్కడైనా, ఇంటర్నెట్‌లో దాచినా సరే. ఏడాదికోసారి, స్వాతంత్ర్య దినం రోజున అనుకుందాం, తెరిచి విని చూడాలి. బీరువాలో పెట్టి మరిచిపోతే దాచుకున్నట్టు కాదు. అప్పట్లో మనం రాసిపెట్టిన సీడీల్లో కొన్ని ఈ రోజు చదవడం లేదు.

ఐదు. అప్పుడు కొత్త కంప్యూటరు, కొత్త సాఫ్ట్‌వేర్ పక్కన పెడదాం. ఒక పాట ఫైళ్లను కొత్తదానిలో పేర్చి, పాతదాని నుంచి తీసిన తుది పాటతో పోల్చుదాం. దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. రెండు పాటలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒకదాని పోలారిటీ తిరగేసి కలిపి మోగించాలి. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని నిశ్శబ్దం వస్తుంది. ఏమైనా వినపడితే అదే తేడా. ఎడమ కుడి సర్దే లెక్క సాఫ్ట్‌వేర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ వేరుగా ఉంటుంది కాబట్టి, తేడా వస్తే ముందు అక్కడ చూడాలి. ఈ పరీక్ష నెగ్గాక సంగీతం టీచరుగారు వినాలి. ఆవిడ సరే అంటేనే సరే.

ఆరు. కొత్త పాటలు కొత్తదానిలో మొదలుపెడదాం. సగంలో ఉన్న పాతిక పాటలనూ పాతదానిలోనే పూర్తి చేద్దాం. పని మధ్యలో పనిముట్టు మార్చొద్దు. ఒక ఏడాది రెండూ పక్కపక్కన ఉంటాయి. తర్వాత పాతదానికి సెలవు.

ఒక్కో పాటకు అరగంట వేసుకున్నా 140 పాటలకు 70 గంటలు. ఉన్నది ఒకే కంప్యూటరు కాబట్టి రోజుకు నాలుగు గంటల చొప్పున 18 రోజుల పని. వేసవి సెలవులు సరిపోతాయి. మే నెలలో రెండు వారాలు నేను వస్తాను. ఇంకో ఇద్దరు కావాలి.

కొత్తది తప్పకుండా కావాలా అని పెద్దలు అడగొచ్చు. కావాలి. ఇప్పుడు చదువుతున్న పిల్లల కోసం కావాలి. ఇప్పటి సంగీతం టీచరుగారు ఉదయం ఎనిమిదో తరగతి పిల్లల చేత పాడించి, సాయంత్రానికి వాళ్ల అమ్మానాన్నల ఫోన్లకు పంపాలనుకుంటారు. ఇంటర్నెట్ లేని ఎక్స్‌పీ కంప్యూటరుతో అది జరగదు. పాతదాని భయంతో ఆవిడ గదిలోకే వెళ్లడం మానేశారు. ఏ మీట నొక్కితే ఏం పోతుందోనని. పాతవి బయటికి తీసి భద్రపరిస్తే ఆ భయం పోతుంది. గది మళ్లీ పిల్లలది అవుతుంది.

ఏది కొనాలన్న మాటకు వస్తే, మూడు సంగతులు చూడమంటాను. మొదటిది, చందా పద్ధతా, ఒకసారి కొనేదా? నెలకు వెయ్యి రూపాయలు అనుకుంటే తేలిగ్గా కనిపిస్తుంది. పదేళ్లకు అది 1,20,000. పైగా ఏదో ఒక ఏడాది కోశాధికారి కట్టడం మరిస్తే గది మూతపడుతుంది. మనలాంటి సంఘానికి ఉచితమైనదో, ఒకసారి కొనేదో మేలు. సోనార్ వారసుడినే వాడుకోవచ్చు. రీపర్ అనే ఇంకోదానికి మామూలు వాడకందార్ల లైసెన్సు 60 డాలర్లు. దాని ప్రాజెక్టు ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలిగే మామూలు రాతలో ఉంటుంది, అది నాకు నచ్చిన గుణం. ఉన్నవి వినడానికీ కత్తిరించడానికీ అయితే ఆడాసిటీ చాలు. రెండోది, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటుంది? సంఘం పేరు మీద, సంఘం ఈమెయిలు మీద ఉండాలి. ఉద్యోగం కోసం ఊళ్లు మారే మనలో ఒకరి సొంత ఈమెయిలు మీద ఉంటే, ఐదేళ్ల తర్వాత పాస్‌వర్డు కోసం ఖండాలు దాటి ఫోన్లు చేసుకోవాలి. మూడోది, నేర్చుకునేది ఎవరు? నాకు తెలిసినదో, డల్లాస్ తమ్ముడికి తెలిసినదో కొంటే ఉపయోగం లేదు. టీచరుగారు, ఇద్దరు పిల్లలు కూర్చుని వాడి చూసి, చేతికి అలవాటైనది కొనాలి.

ఇక చివరిగా, గురువులకు నా మనవి. సాఫ్ట్‌వేర్ పని మేం చూసుకోగలం. మేం చేయలేనిది ఒకటుంది. నిన్న సాయంత్రం కొన్ని ప్రాజెక్టులు తెరిచి చూశాను. చాలా ట్రాకులకు పేర్లు లేవు. ట్రాక్ 3, ట్రాక్ 5, ట్రాక్ 6 అని సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసుకున్న నంబర్లే ఉన్నాయి. 2009 నాటి ఒక పాటలో ట్రాక్ 5లో ఒక అమ్మాయి పాడింది. పై షడ్జం దగ్గర అందరూ ఆగిపోతే ఆ ఒక్క గొంతే నిలబడింది. ఎవరా అమ్మాయి? కంప్యూటరుకు తెలియదు, నాకు తెలియదు. క్యాసెట్ల నుంచి ఎక్కించిన ఒక నాటకంలో తెలుగు మాస్టారి పద్యానికి ముందు ఎవరో పెద్దాయన ఆయన్ని పరిచయం చేస్తున్నారు. ఆ గొంతు ఎవరిది? ఇవి నంబరు లేని వైర్లు. వాటి నంబర్లు ఈ హాల్లో ఉన్నవాళ్ల జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. ముందు వరుసలో ఉన్న గురువుల్లో చాలామందికి ఎనభై దాటింది. ఏ కంపెనీ ఏ కొత్త వెర్షన్ తెచ్చినా ఆ పేర్లు అందులో రావు. కంప్యూటరు మరో ఏడాది నడవొచ్చు. ఆ పేర్లను మాత్రం ఇంకో సమ్మేళనం దాకా ఆపకూడదు.

అందుకని ఈ మధ్యాహ్నం భోజనాల తర్వాత సంగీతం గదిలో రెండు హెడ్‌ఫోన్లు, ఒక స్పీకరు, పేర్లు రాయడానికి పుస్తకం పెడుతున్నాం. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు రాయడానికి కూర్చుంటారు. గురువులు దయచేసి రండి, మెట్లెక్కలేనివాళ్ల దగ్గరికి ల్యాప్‌టాప్ మేమే తెస్తాం. పూర్వ విద్యార్థులు కూడా రండి. ఒక్కొక్కరు పది నిమిషాలు వినండి. గొంతు గుర్తుపడితే పేరు, బ్యాచ్ చెప్పండి. సందేహంగా ఉంటే సందేహమనే రాయించండి, పక్కవాళ్లు సరిచేస్తారు. ట్రాక్ 5లో పాడిన అమ్మాయి ఈ హాల్లోనే ఉంటే ఇంకా సంతోషం.

రేపటి తీర్మానానికి నా సలహా ఇది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు అవునని ఓటు వేయండి. అయితే పాత శబ్దమంతా బయటికి వచ్చి, మూడు ప్రతులయ్యాక మాత్రమే కొనాలని అందులో ఒక వాక్యం చేర్చండి. డల్లాస్ తమ్ముళ్లు ఇస్తామన్న డబ్బులో మొదటి వంతు డిస్కులకూ పవర్ సప్లైకీ, మిగిలింది జూన్‌లో కంప్యూటరుకూ వాడుకుందాం.

 రెండు గంటలకు సంగీతం గది దగ్గర కలుద్దాం.